ఉలవల సంచి మూతి

"జల్ది రా! నడువు!"

యోసేపు గుమ్మంల నిలబడి వగరుస్తున్నడు. వాన చినుకులు, చెమట కలిసి గడ్డం మీంచి కారుతున్నయి. లోపల నవోమి చాటల బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తలేదు.

"ఎవరిని పిలుస్తున్నవ్? మా నాయిననా, నన్నా?"

"నిన్నే."

"నన్నా! ఆడిపిల్ల గుర్రం పొట్టకు చెవి ఆనిస్తే దానికి సిగ్గయితదని బజార్ల నిలబడి నవ్వినోడు ఎవడు? నువ్వేనా, నీ అసోంటి ఇంకోడా?"

"నేనే. నవ్విన. ముక్కు నేలకు రాస్త, తర్వాత. గిప్పుడైతే రా. బిజిలీ పడిపోతున్నది."

చాట ఆగింది.

యోసేపు ఇంద్రకరణ్ రావు దొర కొట్టంల సాయీసు. గుర్రాన్ని కడిగేది, మేపేది, జీను కట్టేది అతనే. బిజిలీ దొర ఎక్కే తెల్ల ఆడగుర్రం. నవోమి తండ్రి గాబ్రియేలు ఒకప్పుడు నిజాం రిసాలాల, అంటే గుర్రపు ఫౌజుల, గుర్రాలకు మందు పోసినోడు. వాతంతోటి ఇప్పుడు వేళ్ళు కొంకర్లు పోయినయి. ఆయన విద్యంత బిడ్డ చేతులకు దిగింది. ఊరు నవ్వింది. నవ్వి నవ్వి, గుర్రానికి జబ్బు చేస్తే మళ్ళ ఆ గుమ్మానికే వచ్చింది. ఊరంటే గంతే.

లోపలి మంచం మీంచి గాబ్రియేలు గొంతు లేచింది. "కాళ్ళతోటి పొట్ట తన్నుకుంటున్నదారా?"

"తన్నుకుంటున్నది మామా."

"తల తిప్పి పక్కలు చూసుకుంటున్నదా?"

"మాటిమాటికి."

"లద్దె?"

"పొద్దటి సంది వెయ్యలే."

"కడుపు నొప్పి. పండనియ్యకుండ్రి. నవోమీ, మందుల సంచి తీసుకపో బిడ్డా."

ఇద్దరు మెదక్ చర్చి గోడ పక్క నుంచి ఉరికిండ్రు. అది నలభై ఎనిమిది వానకాలం. యూనియన్ ఫౌజు సరిహద్దు దాటిందని ఒకడు, దాటలేదని ఇంకొకడు. రజాకార్ల లారీలు మాత్రం ఊర్ల మీద పడ్డయి, అది అందరికి కనబడుతనే ఉన్నది. దొరల మీద తిరగబడ్డ సంగం ఉన్న ఊర్లను కాలుస్తున్నరు. ఏ ఇల్లు సంగపోనిదో లారీల వచ్చినోనికి ఏం ఎరుక? చూపిచ్చే వేలు ఒకటి కావాలె. ఆ వేలు దొరది.

దొర అరుగు మీదనే ఉన్నడు. నవోమిని కింది నుంచి మీదికి చూసిండు.

"రేపు తెల్లారంగనే రజాకార్లను తీసుకొని కౌడిపల్లి దిక్కు పోవాలె. గుర్రం లేచిందా, సరే. లేవలేదా, సాయీసును కూడ దాని పక్కనే పండవెడత."

చెప్పిండు, లోపలికి పోయిండు. అరుపు లేదు, తిట్టు లేదు.

కొట్టంల బిజిలీ ముందటి కాలితోటి నేల తవ్వుతున్నది. ఒళ్ళంత చెమట. మోకాళ్ళు వంగుతున్నయి.

"పట్టు, తల పట్టు! పండి పొర్లిందంటే పేగు మెలివడ్తది. మెలివడ్డ పేగును నేనే కాదు, నిజామొచ్చినా ఇప్పలేడు" అన్నది నవోమి.

ఆమె దవడ ఎముక కింద వేళ్ళు పెట్టి, కండ్లు మూసుకొని నాడి చూసింది. రెప్పల మీద వాన చుక్క నిలబడ్డది. యోసేపు ఆ చుక్కను చూసిండు. మెడ మీద కత్తి పెట్టుకొని చుక్కను చూస్తున్నవారా అని తనను తనే తిట్టుకున్నడు. మళ్ళ చూసిండు.

నవోమి గుర్రం పెదవి లేపింది. చిగుళ్ళు ఎర్రవడ్డయి. చెవులు ముట్టుకుంటె చల్లగున్నయి. పొట్టకు ఈ పక్క చెవి ఆనిచ్చింది, ఆ పక్క ఆనిచ్చింది.

"మంచిగున్న గుర్రం కడుపు ఎప్పుడూ వాగుతనే ఉంటది, నీ లెక్క. ఇది నోరు మూసుకున్నది. ఏం తిన్నది?"

"ఎప్పటిదే. గడ్డి. ఉడకబెట్టిన ఉలవలు."

"గంతేనా?"

"గంతే."

"అయితే ఎండుగడ్డి అడ్డం పడ్డది. ఉప్పేసి గోరువెచ్చటి నీళ్ళు బకెట్ నిండ తాపుదాం. నానుతది, జారుతది."

ఆమె బకెట్ తెచ్చి ముందట పెట్టింది. బిజిలీ మూతి చాచింది.

యోసేపుకు ఒక్కనికే ఎరుక. ఆ పొట్టల గడ్డి లేదు. ఎండు ఉలవలున్నయి, రాళ్ళ లెక్క. నీళ్ళు తాకితే ఉబ్బుతయి. మనిషైతే కక్కుతడు. గుర్రం కక్కలేదు, దాని పొట్ట పగలవలసిందే. ఈ సంగతి గాబ్రియేలు మామ నోటనే విన్నడు.

చెప్తే? నవోమి ఇంట్ల పొయ్యి రాజేసేది దొర పంపే గింజలే. ఒక్క మాట చాలు, తన మెడ తెగనీకె.

బిజిలీ పెదవులు నీళ్ళను తాకబోయినయి. యోసేపు బకెట్‌ను కాలితోటి తన్నిండు.

"పిచ్చి లేసిందా నీకు!"

"నీళ్ళు వద్దు."

"ఎందుకు వద్దు?"

"పచ్చి ఉలవలు తిన్నది. సంచిల సగం."

"ఎవడు పెట్టిండు?"

"నేనే."

చెంప మీద దెబ్బ పడ్డది. పక్క కొట్టంల ఎడ్లు తలెత్తి చూసినయి.

"దోసెడే పెట్టిన" అన్నడు యోసేపు, చెంప పట్టుకోకుండనే. "జర పొట్ట బిగిస్తే దొర ఎక్కడు, ఒక్క దినం ఆగుతడు, మా ఊరోళ్ళు అడివికి చేరుకుంటరు అనుకున్న. నన్ను కన్న అవ్వ గాడనే ఉన్నది, కౌడిపల్లి అవతల. టాంగా తోలే వహీద్ ఆ దిక్కే పోతుంటె కబురు చెప్పనీకె ఉరికిన. సంచి మూతి కట్టుడు మర్శిన. వచ్చి చూస్తే దీని తల సంచిలనే ఉన్నది."

బిజిలీ మూలిగింది.

"అబద్ధం చెప్పి, నా చేతులతోటి దీన్ని సంపిస్తుంటివి."

"అందుకే చెప్పిన."

"ఇప్పుడు నీ పానం నా నోట్ల ఉన్నది. ఎరుకేనా?"

"ఎరుకే."

ఆమె అతని దిక్కు చూసింది. కోపమే. కాని ఆ కోపం పోత పోత ఎక్కడనో ఆగింది.

"సీస పట్టు" అన్నది.

అవిసె నూనెల సొంఠి, వాము, ఇంగువ రంగరించింది. "తల ఇంత మీదికి లేపకు, నూనె ఊపిరితిత్తులల్లకు పోతది. దవడ మూల నుంచి కొంచెం కొంచెం పొయ్యి. దగ్గితే ఆపు. చెయ్యి వణుకుతున్నదేంది?"

"కొట్టినవ్ కద."

"చెంప మీద కొట్టిన. చెయ్యి మీద కాదు."

నూనె దిగింది. ఇగ నడిపించుడు. ఉరికియ్యొద్దు, నిలబెట్టొద్దు. కొట్టం నుంచి చర్చి గేటు దాంక, గేటు నుంచి కొట్టం దాంక. ముసురు పడుతున్నది. గుర్రానికి అటు ఆమె, ఇటు అతను. నడుమ తెల్లటి మెడ.

"పట్టిస్తవా నన్ను?"

"గుర్రం బతికినంక ఆలోచిస్త."

"సస్తే?"

"సస్తే దొరనే చూసుకుంటడు. నాకేం పని?"

రజాకార్ల లారీ ఒకటి పక్క నుంచి పోయింది. ఇద్దరు మాట ఆపిండ్రు. బురద చిమ్మి లారీ దాటినంక నవోమి మెల్లగ అడిగింది.

"బజార్ల ఎందుకు నవ్వినవ్?"

"నువ్వు చూడనీకె."

"ఏందీ?"

"సక్కగ నిలబడితే చూడవు కద. నవ్వితే కోపంగనన్న చూసినవ్. ఆ చూపు మస్తు దినాలు సరిపోయింది."

యోసేపు గుర్రం మెడ కింద నుంచి వంగి చూసిండు. ఆమె మొఖం జూలుల దాచుకున్నది.

"ముందట చూసి నడువు" అన్నది జూలు. "గుంతల పడ్తవ్."

వాళ్ళు మళ్ళ కొట్టం కాడికి వచ్చేసరికి దొర గడపల నిలబడి ఉన్నడు. చేతిల కొరడా. కండ్లు మాత్రం మూల మీద ఉన్నయి. మూలకు ఉలవల సంచి. మూతి ఇప్పే ఉన్నది.

"ఈ సంచి సగమెట్లయింది?"

యోసేపు సంచి మూతి రెండోసారి మర్శిండు. ఒకే దినంల.

"నేనే ఇప్పిన దొరా, కాపడం పెట్టనీకె" అన్నది నవోమి. "ఉలవలు వేడి చేసి మూట కట్టి పొట్టకు కాపిన."

"సగం సంచా?"

"మనిషి పొట్టనా దొరా? గుర్రం పొట్ట."

దొర కొరడాను అరచేతిల కొట్టుకున్నడు. "జబ్బెట్లొచ్చింది మరి?"

"నిన్న నర్సాపూర్ నుంచి దౌడు తీయించుకుంట వచ్చిండ్రట. చెమట ఆరకముందే చల్లనీళ్ళు తాపుమన్నరట. తాపినోడు సాయీసు, తాపుమన్నది మీరు."

అది నిజమే. నిన్న అట్లనే జరిగింది. దొరకు యాదికొచ్చింది. దవడ బిగిసింది.

"తెల్లారి జీను వేస్త."

"వెయ్యుండ్రి. అడివి నడుమ కూలవడ్తది. మీరు కింద, అది మీద. అప్పుడు నన్ను పిలిస్తే వస్త, కాని నేను గుర్రాలకే మందు పోస్త."

ఆ మాటకు కొరడా లేస్తదనుకున్నడు యోసేపు. ఒక అడుగు ముందటికి వేసి, ఆమెకు అడ్డం నిలబడ్డడు. ఏం చేస్తడో అతనికే ఎరుకలేదు. ఊకె నిలబడ్డడు. బాంచెన్ అనలేదు, తల దించలేదు.

అప్పుడే బిజిలీ తోక లేపింది. పెద్ద సప్పుడు చేసింది. పాత గోనెసంచి కుట్టు పిగిలినట్టు, దర్వాజలు దద్దరిల్లేటట్టు. దాని ఎనకనే ఇంకోటి. దొర ముక్కు మూసుకొని రెండడుగులు ఎనక్కి జరిగిండు.

"ఛీ!" అని ఉమ్మేసి పోయిండు.

బండి కట్టుకొని పోదామంటే అడివి తొవ్వంత బురద. నడిచిపోదామంటే అతను దొర. ఊరోళ్ళకు కావలసిన దినం దొరికింది.

నవోమి కిందికి కూలబడి నవ్వుతున్నది, ఏడుస్తున్నది. రెండు ఒకటే తీరుగ. జరసేపటికి లద్దె కూడ పడ్డది, ఉలవలు ఉలవలుగనే. ఆమె బంగారం దొరికినట్టు చూసింది.

"ఇటు రా. పొట్టకు చెవి పెట్టు."

"నేనా?"

"నువ్వే. గుర్రానికి సిగ్గయితదా ఏంది?"

యోసేపు చెవి ఆనిచ్చిండు. తడిసిన వెంట్రుకలు, వెచ్చటి తోలు. లోపల ఎక్కడనో, దూరంగ వాన ఉరిమినట్టు, గుడగుడ. మళ్ళ గుడగుడ. పక్కనే నవోమి కూడ చెవి ఆనిచ్చింది. ఆమె మొఖం బెత్తెడు దూరంల ఉన్నది. రెప్ప మీద చుక్క ఇంక ఉన్నదో, కొత్తదో.

"వినబడుతున్నదా?" అన్నది.

"వినబడుతున్నది. గుర్రానిదో నాదో తెలుస్తలేదు."

ఆమె లేచి చీర దులుపుకున్నది. "ఇగ పో. పొద్దు ఉండంగనే ఊరు దాటు. దొరకు రేపు అనుమానమొస్తది. మీ అవ్వను చూసుకో."

"బిజిలీ?"

"నేను చూస్త."

"నువ్వు?"

"నన్ను చూసుకునుడు నాకు వచ్చు. పో అంటున్న కద!"

పోయిండు. మూల మలిగేటప్పుడు తిరిగి చూసిండు. ఆమె గుర్రాన్ని నడిపిస్తనే ఉన్నది. ఇటు చూడలేదు. ఏడుపు కనబడుతదని చూడలేదు.

*

కొన్ని దినాలకే నిజాం రేడియోల లొంగిపోయిండు. యూనియన్ ఫౌజు వచ్చింది. మెదక్ బజార్ల జెండాలు లేచినయి. రజాకార్లకు ఇండ్లు చూపిచ్చిన వేలే ఇప్పుడు ఖద్దరు టోపీ సవరించుకున్నది. బిజిలీకి పూలదండ వేసి దొర ఊరేగింపు ముందట పోయిండు. రాజ్యం మారింది. గుర్రం మీద మనిషి మారలేదు. ఆ లెక్క తేలనీకె ఇంక మస్తు కొట్లాట ఉన్నది.

యోసేపు తల్లిని అడివి నుంచి ఊరికి చేర్చి, నడుచుకుంట మెదక్ వచ్చిండు. గాబ్రియేలు వాకిట్ల ఎవరిదో టాంగా గుర్రం కట్టేసి ఉన్నది. లోపల వహీద్ పెండ్లాం షకీలా రొట్టెలు కాలుస్తున్నది.

"ముసల్మానని వహీద్ కొట్టానికి అగ్గి పెట్టిండ్రు" అన్నది నవోమి, ఎదురొచ్చి. "ఖద్దరు టోపీల నీడకు నిలబడి. ఏం చేసిండు వహీద్? నీ కబురు మోసిండు, ఊరిని బతికిచ్చిండు. వాళ్ళు మా ఇంట్ల దాచుకుంటే, నాయిన గుమ్మంల అడ్డం పండుకున్నడు. తొక్కి పోండ్రి అన్నడు. ఎవరు తొక్కలేదు."

"నువ్వు?"

"నేను రోకలి పట్టుకున్న."

ఇద్దరు నవ్విండ్రు. నవ్వు తొందరగనే ఆగింది. ఆమె చిక్కింది. అతని కాళ్ళకు ముళ్ళ గాయాలున్నయి. చెప్పవలసిన మాట ఇద్దరి నడుమ నిలబడి ఉన్నది, గుర్రమంత ఎత్తున.

యోసేపు తిన్నగ మంచం కాడికి పోయిండు. "మామా, దొర కొట్టానికి నేను ఇగ పోను. వహీద్ అన్నతోటి టాంగా తోల్త. నవోమిని నాకియ్యండ్రి."

గాబ్రియేలు కొంకర్లు పోయిన వేళ్ళను మెల్లగ లేపి, పిలగాని దవడ కింద పెట్టిండు. కండ్లు మూసుకున్నడు.

"నాడి దౌడు తీస్తున్నది. ఏం దాచినవ్ రా?"

"ఏం దాచలే మామా. దాచనీకె చూసిన ఒక్కసారి. చెంప పగిలింది."

"ఎరుకే. బిడ్డ చెప్పింది." ముసలాయన ఒక కన్ను తెరిచిండు. "నా బిడ్డను ఇయ్యనీకె నాకేం ఇబ్బంది లేదు. కాని నీ పొరపాటుకు నోరులేని పశువు సచ్చేది. నువ్వు మారినవని నేనెట్ల నమ్మాలె?"

యోసేపు చూపు వాకిట్లకు పోయింది. టాంగా గుర్రం పలుపు సాగదీసి మెడ చాస్తున్నది. అరుగు మీద ఉలవల సంచి. మూతి తెరిచి.

పెండ్లి మాట నడుమల్నే విడిచి యోసేపు ఉరికిండు. అరుగెక్కి, సంచి మూతి దగ్గరికి గుంజి, ఒక ముడి వేసిండు. దాని మీద ఇంకో ముడి. గుంజి చూసి, మూడోది కూడ వేసిండు.

తలెత్తేసరికి నవోమి గుమ్మానికి ఆనుకొని, కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుతున్నది.

"నేనే ఇప్పి పెట్టిన" అన్నది. తర్వాత లోపలికి తిరిగి గట్టిగ కేకేసింది. "నాయినా! ఇగ ఇయ్యొచ్చు!"