పదకొండో పేజీలో మా కాలనీ పేరు

"ఇక్కడ హజ్వాన్ అంటే ఎవరు?"

మా గేటు ముందు ఒక అమ్మాయి నిలబడి అడిగింది. తలకు పసుప్పచ్చ గుడ్డ చుట్టుకుంది. చేతిలో బకెట్టు, బకెట్టు నిండా నీళ్ళు.

నేను చెప్పులు వెతుక్కుని వచ్చాను. "నేనేనండీ. వాటర్ ఫిల్టర్ కావాలా?"

నా ఉద్యోగం అది. ఇళ్ళకు ఫిల్టర్లు బిగిస్తాను. గేటు ముందు ఎవరు కనిపించినా నాకు కస్టమర్‌లాగే కనిపిస్తారు.

"కావాలి. ముందు మీ నోటికి ఒకటి బిగించుకోండి," అంది.

ఆ అమ్మాయి బకెట్టును గేటు ముందు దభీమని దించింది. సగం నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి.

"ఇలాంటివి మా ఇంట్లో ఇరవై రెండున్నాయి. గిన్నెలు నింపాను, ఐస్ పెట్టె నింపాను, ఆఖరికి మా నాన్న కాళ్ళు నానబెట్టుకునే తొట్టి కూడా నింపాను. ఏ క్షణాన ఆగిపోతాయోనని మూడు రోజులు మా టిఫిన్ కొట్టు మూసేశాను. మూడు రోజులూ కుళాయి బ్రహ్మాండంగా వచ్చింది! నాలుగు రోజులు నీళ్ళు బంద్ అని గ్రూపులో పెట్టారే, ఆ నోటీసు ఏ సంవత్సరానిదో చూశారా?"

ఫోన్ తీసి చూశాను. 'మంగళవారం ఉదయం తొమ్మిది గంటల నుంచి' అని పెద్దక్షరాలతో ఉంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో తేదీ ఉంది. పోయినేడాదిది.

"మంగళవారం మాత్రం కరెక్టే కదండీ," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అసలు తప్పు నాది కాదు, మా కెనంగా కాలనీ వాట్సాప్ గ్రూపుది. రెండు వందల పద్నాలుగు మందిమి ఉన్నాం. కోడిగుడ్లు దొరకడం లేదన్నా, పెట్రోలు సబ్సిడీ మారిందన్నా, మంత్రి పదవి ఎవరికొచ్చిందన్నా, ముందు గ్రూపులో ఎవరు పెడితే ఆ రోజు వాళ్ళదే రాజ్యం. మా సెలంగోర్ రాష్ట్రంలో మాకు మంత్రులు మారడం కన్నా కుళాయి ఆగడం పెద్ద వార్త. గుడ్ల వార్తలో పక్కింటి పుష్పవల్లి ఆంటీ నన్ను రెండు నిమిషాల తేడాతో ఓడించింది. ఆ కసితో నీళ్ళ నోటీసు కంట పడగానే చదవకుండా పంపేశాను.

"సారీ అండీ. మూడు రోజులే కదా..."

"మూడు రోజులే!" ఆమె గొంతు పెరిగింది. "మా నాన్న నెల రోజులు కొట్టు నా చేతికిచ్చాడు. నడపగలిగితే కొట్టు నాది. లేకపోతే సెరెంబాన్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి. వాడు దాన్ని బబుల్ టీ కొట్టు చేస్తాడట. మా అమ్మ చేతి సంబల్ కారం అమ్మిన చోట బబుల్ టీ! పైగా నీళ్ళుండవని స్కూలు ఆటల పోటీల ఆర్డరు కూడా వద్దన్నాను. రెండు వందల కొబ్బరన్నం పొట్లాలు!"

చివరి మాట అంటూ తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. ఇది జోకు కాదని అర్థమైంది.

"బకెట్టు..." అన్నాను, వెళ్ళిపోతుంటే.

"ఉంచుకోండి. మీ నీళ్ళే," అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం బకెట్టు తిరిగివ్వడానికి మైదానం పక్కనున్న కొట్టుకి వెళ్ళాను. రేకుల కప్పు కింద పొయ్యి మీద కొబ్బరిపాలలో అన్నం ఉడుకుతోంది. వాళ్ళ నాన్న పాక్ సెమాన్ ప్లాస్టిక్ కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు.

"నేను గరిటె ముట్టను, నోరు తెరవను. చూడ్డానికే ఉన్నాను," అన్నారు నాతో. వెంటనే అటు తిరిగి, "మైసరా! మంట తగ్గించమ్మా! అల్లం దంచావా? ఆ నెత్తళ్ళు మాడుతున్నాయ్!"

"నాన్నా, నోరు!"

"తెరవలేదే!"

నేను బకెట్టు దించి, "ఒక మంచి వార్త," అన్నాను.

మైసరా గరిటె ఎత్తింది. "మీ దగ్గర నుంచి వార్తా? తేదీ చూశారా?"

"నేనే తెచ్చాను, ఫార్వర్డ్ కాదు. మొన్నటి వానకి స్కూల్లో ఆటల పోటీలు ఆగిపోయాయి. నెలాఖరుకి మార్చారు. ఆ హెడ్‌మిస్ట్రెస్ ఇంట్లో ఫిల్టర్ బిగించింది నేనే. వెళ్ళి తప్పంతా నాదని ఒప్పుకున్నాను. ఆవిడ పావుగంట తిట్టారు. తిట్టాక ఆర్డరు మళ్ళీ మీకే ఇచ్చారు."

పాక్ సెమాన్ పేపరు కిందికి దించారు. మైసరా నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"నెలాఖరంటే నా గడువులో ఆఖరి రోజు. రెండు వందల పొట్లాలు నేనొక్కదాన్నే కట్టాలి."

"నేనొస్తాను. ఇవాళ్టి నుంచే రోజూ పొద్దున ఆరింటికి. నేర్చుకుంటాను."

"పొట్లం కట్టడం వచ్చా?"

"పైపులకి టేపు చుడతాను కదా, ఇదెంత?"

అరిటాకులో అన్నం, సంబల్, గుడ్డు, నెత్తళ్ళు పెట్టి మొదటి పొట్లం కట్టి ఆమె ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది.

"దీని మీద ఎవరైనా కూర్చున్నారా?"

అలా మొదలైంది నా శిక్ష. అది చాలదన్నట్టు గ్రూపు అడ్మిన్ లియోంగ్ మాస్టారు, రిటైరైనా బెత్తం దించని మనిషి, నాకు ఇంకో శిక్ష వేశారు. నెలాఖరు దాటేదాకా నేను గ్రూపులో ఏమీ పెట్టకూడదు.

టీ తాగడానికి వచ్చిన ప్రతివాడూ నన్ను చూసి అదే ప్రశ్న వేసేవాడు. "ఏం హజ్వాన్, రేపు నీళ్ళొస్తాయా?"

"ఆయన్ని అడక్కండి, పోయినేడాది సంగతి చెప్తారు," అనేది మైసరా. అందరూ పడి పడి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు కోసం నేను ఇంకో నాలుగు తప్పుడు నోటీసులు పంపడానికైనా సిద్ధమే.

ఆమె సంబల్ రుచి చూడడం చూడాలి. గరిటె నుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాకి, ఒక కన్ను మూసేది. ఉప్పు సరిపోతే ఆ కన్ను తెరుచుకునేది. సరిపోకపోతే మూసే ఉండేది. ఆ కన్ను ఎప్పుడు తెరుచుకుంటుందా అని రోజూ ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. పదో రోజుకి నాకు విషయం అర్థమైంది. నేను చూస్తున్నది సంబల్ కోసం కాదు.

"ఏంటలా చూస్తున్నారు?" అంది ఒకరోజు.

"ఉప్పు..."

"నా మొహంలో ఉప్పా?"

పాక్ సెమాన్ పేపరు వెనకనుంచి దగ్గారు.

నెలకి ఒక్క రోజే మిగిలింది. ఆ మధ్యాహ్నం నేను నదికి ఎగువన ఒక ఇంట్లో ఫిల్టర్ మారుస్తున్నాను. కిటికీలోంచి ఘాటైన వాసన కొట్టింది. నదిలో ఎవరో ఏదో కలిపేశారు. ఇంకో గంటకి నీళ్ళ శాఖ నోటీసు వచ్చింది. నీటి శుద్ధి ఆపేశారు, తెల్లవారుజాము నుంచి సరఫరా బంద్.

ఈసారి తేదీ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంటాయన చేత కూడా చదివించాను. తర్వాత ఊళ్ళ జాబితా. పదకొండు పేజీలు! ఒక్కో పేరూ వేలు పెట్టి వెతికాను. పదకొండో పేజీలో, కింద నుంచి నాలుగో వరసలో ఉంది, కెనంగా కాలనీ.

శిక్ష సంగతి మర్చిపోయి గ్రూపులో పెట్టేశాను. నిమిషం కూడా కాలేదు, అది మాయమైపోయింది.

'హజ్వాన్, నీ శిక్ష రేపటిదాకా ఉంది. జాబితా మొదటి పేజీ చూశాను, మన పేరు లేదు. ఓపిక పట్టు నాయనా. — అడ్మిన్.'

'పాపం, అలవాటు మానలేకపోతున్నాడు,' అని పుష్పవల్లి ఆంటీ. దాని కింద పదిహేడు నవ్వే బొమ్మలు.

బైకెక్కి కొట్టుకి దూసుకెళ్ళాను. దారిలోనే వాన పట్టుకుంది. తడిసి ముద్దయి రేకుల కిందకి దూరేసరికి మైసరా గుడ్లు లెక్కపెడుతోంది.

"రేపు నీళ్ళు రావు," అన్నాను.

పాక్ సెమాన్ పేపరు మడిచేశారు. "మళ్ళీనా? ఏమయ్యా, రేపు రెండు వందల పొట్లాలున్నాయి. ఈ సాయంత్రమంతా పీపాలు నింపుకుంటూ కూర్చుంటే కొబ్బరి ఎవరు తురుముతారు, సంబల్ ఎవరు వండుతారు? అమ్మాయ్, పోయినసారి ఇతని మాట వినే కదా మునిగావు!"

ఆయన మాటలో తప్పేమీ లేదు. మైసరా నా వైపు తిరిగింది. నీళ్ళోడుతూ నిలబడ్డాను. ఆమె నమ్మకపోతే రేపు కొట్టు పోతుంది. నమ్మాక నీళ్ళు వస్తే, పని ఆగి అప్పుడూ పోతుంది, నేనూ పోతాను.

"తేదీ?" అంది.

"ఇవాళ్టిదే. మూడుసార్లు చూశాను."

"సంవత్సరం?"

"ఈ ఏడాదే."

"మన పేరు?"

"పదకొండో పేజీ. కింద నుంచి నాలుగో వరస." ఫోన్ తీయబోయాను. "చూపించనా?"

"వద్దు."

గుడ్ల అట్ట పక్కన పెట్టింది. నీలం పీపా మూత తీసి కుళాయి కిందకి లాగింది.

"ఫోన్ లోపల పెట్టి అటు పట్టుకో. కొబ్బరి కూడా నువ్వే తురమాలి."

అన్నాళ్ళూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అంది. ఆ సాయంత్రం నలభై కొబ్బరికాయలు తురిమాను. వేళ్ళు చెక్కుకుపోయినా నాకు తెలియలేదు.

తెల్లారి నమాజుకి లేచి కుళాయి తిప్పిన మా అమ్మ, "హజ్వాన్! ఇది దగ్గుతోందిరా!" అని అరిచింది.

కాలనీ అంతటా కుళాయిలు దగ్గాయి. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయాయి. ఆరింటికి కొట్టు ముందు వరస మొదలైంది. ఒకరి చేతిలో సీసా, ఒకరి చేతిలో కుక్కర్. పుష్పవల్లి ఆంటీ తలనిండా షాంపూ నురగతో వచ్చింది. "ఒక్క చెంబు అమ్మా, కళ్ళు మండిపోతున్నాయ్!" లియోంగ్ మాస్టారు సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి సబ్బుతో, కెటిల్ పట్టుకుని వరసలో ఆఖరున నిలబడ్డారు.

మైసరా ఎవరినీ కాదనలేదు. మనిషికో చెంబు నీళ్ళిచ్చింది. నీళ్ళతోపాటు అందరూ టీ తాగారు, పొట్లాలు కొనుక్కున్నారు. నీళ్ళు లేక ఇంకే కొట్టూ తెరవలేదు మరి. ఎనిమిదింటికి రెండు వందల పొట్లాలు స్కూలు వ్యాన్ ఎక్కాయి. అందులో తొంభై నేను కట్టినవే. ఒక్కదాని మీదా ఎవరూ కూర్చున్నట్టు లేదు.

లియోంగ్ మాస్టారు నా ముందుకొచ్చారు. "పదకొండో పేజీ దాకా చదివావా?"

"చదివాను, మాస్టారూ."

"నలభై ఏళ్ళు పిల్లలకి చివరిదాకా చదవమని చెప్పాను. నేనే చదవలేదు. నీ శిక్ష రద్దు."

పాక్ సెమాన్ కుర్చీలోంచి లేచారు. జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి కూతురి అరచేతిలో పెట్టారు. "సెరెంబాన్ వాడికి ఫోన్ చేస్తాను. బబుల్ టీ అక్కడే తాగమంటాను," అన్నారు. కళ్ళు తుడుచుకుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

అప్పుడు మళ్ళీ వాన దంచికొట్టింది. కుళాయిలో చుక్క లేదు, ఆకాశం మాత్రం చిల్లు పడ్డట్టు కురుస్తోంది. జనమంతా గిన్నెలు పట్టుకుని చూరు కిందకి ఉరికారు. పొయ్యి దగ్గర నేనూ, మైసరా మిగిలాం.

"మైసరా, నీకొకటి చెప్పాలి," అన్నాను.

"ఏంటీ?" అని అరిచింది. రేకుల మీద వాన మోతకి ఏమీ వినపడటం లేదు.

"నువ్వంటే నాకు..."

"గట్టిగా!"

"నువ్వంటే...!"

"వినపడ్డం లేదయ్యా! రాసి పంపు!"

ఫోన్ తీసి రాశాను. పంపబోతుంటే నా భుజం మీంచి తొంగి చూసింది. చెవి దగ్గరికి వంగి, "నాకు కాదు. గ్రూపులో పెట్టు. నిజమో కాదో కాలనీయే తేలుస్తుంది," అంది.

"గ్రూపులోనా? రెండు వందల పద్నాలుగు మంది!"

"నీళ్ళు బంద్ అని పెట్టడానికి లేని భయం దీనికెందుకు?"

కళ్ళు మూసుకుని నొక్కేశాను.

'మైసరాని నేను ప్రేమిస్తున్నాను. పెళ్ళి చేసుకుంటానంటే ఆమె ఒప్పుకుంటుందో లేదో తెలియదు. — హజ్వాన్.'

చూరు కింద గిన్నెలు పట్టుకున్న వాళ్ళ జేబుల్లో ఫోన్లు ఒక్కసారిగా మోగాయి.

'ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ వార్త?' అని ఒకరు.

'పోయినేడాదిది కాదు కదా?' అని ఇంకొకరు.

'తేదీ చూడండి,' అని లియోంగ్ మాస్టారు.

నేను మైసరా వైపు చూశాను. ఒక కన్ను మూసి నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టాను. ఆ కన్ను మెల్లగా తెరుచుకుంది. తన ఫోన్ తీసి గ్రూపులో రాసింది.

'తేదీ చూశాను. ఇవాళ్టిదే. నిజం. నాకు ఇష్టమే. అందరికీ పంపుకోండి.'

చూరు కింద కేకలు, ఈలలు. గిన్నెలు గరిటెలతో మోగించారు. ఆ గోలలో పాక్ సెమాన్ పేపరు వెనకనుంచి ఒక్క వేలితో టైపు చేస్తూనే ఉన్నారు. చాలాసేపటికి వచ్చింది ఆయన మెసేజ్.

'ఆదివారం వాళ్ళమ్మని తమలపాకుల పళ్ళెంతో పిల్లనడగడానికి మా ఇంటికి రమ్మనండి. ఏ ఆదివారమో తేదీ వేసి మరీ చెప్పండి.'

మా అమ్మది మామూలు ఫోను, అందులో వాట్సాప్ లేదు. ఈ సంగతి నా నోటితో నేనే చెప్పాలని ఇంటికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"ఒరేయ్ హజ్వాన్! తమలపాకులు ఎన్ని కట్టలు కావాల్రా?"

"అమ్మా, నీకెవరు చెప్పారు?"

"పుష్పవల్లి. తలలో ఇంకా వదలని నురగతోనే పరుగెత్తుకుంటూ వచ్చింది."

ఈసారి కూడా నన్ను రెండు నిమిషాల తేడాతో ఓడించింది.