మేడగదిలో మోగిన పాట

నర్సు కుర్చీ అంచున కూర్చుంది. ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నేలచూపులు చూస్తోంది. ఇళ్లకు వెళ్లి రోగులను కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. పదకొండేళ్లుగా ఎవరి చేతా మాట పడలేదు. ఇప్పుడు ఏజెన్సీ వాళ్లు శుక్రవారం దాకా గడువిచ్చారు. ఈలోగా తప్పు తనది కాదని తేలకపోతే ఇక ఏ ఇంటికీ పంపరు.

ఆమె ఎదురుగా ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్‌ను అందరూ నిదానం గారంటారు. ఇల్లంటుకుందన్నా చెప్పుల పట్టీ సరిచూసుకుని గాని కదలరని వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఆయనకు సహాయంగా ఉండే మేనకోడలికి మాత్రం ఆ నిదానంలోనే మామయ్య గొప్పంతా కనిపిస్తుంది.

నర్సు చెప్పిన సంగతి ఇది. ఆమె చూసుకుంటున్న తాతగారు ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవారు. పోయిన సోమవారం ఆయన మేడగదిలో నిద్రపోతున్నారు. కొడుకూ కోడలూ ఇంట్లో లేరు. సాయంత్రం నాలుగింటికి మేడగది స్పీకర్లు ఇల్లదిరేలా మోగాయి. వంటింట్లో ఉన్న నర్సు పరుగెత్తుకు వెళ్లేసరికి తాతగారు మంచం మీంచి పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. ఆ హోరులో ఆయన మాట కూడా వినబడలేదు. ఆమె హాల్లోకి దిగి, స్పీకర్లకు పాట పంపే రిసీవర్ రిమోట్ ఎంత నొక్కినా పాట ఆగలేదు. చివరికి ప్లగ్గు పీకేసింది. సరిగ్గా అప్పుడే కోడలు లోపలికి వచ్చి నర్సు చేతిలో రిమోట్ చూసింది. ఇంకేం కావాలి?

“మోగిందేమిటి?” అని నిదానం గారు అడిగారు.

“ఎవరో పెద్దావిడ పాడుతోంది సార్. వెనక గరగరమని చప్పుడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.”

మర్నాడు మామయ్యా మేనకోడలూ ఆ ఇంటికి వెళ్లారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన తాతగారికి హాల్లోనే మంచం వేశారు. కొడుకూ కోడలూ సెలవు పెట్టారు. పక్కవీధిలో ఉండే అల్లుడు కూడా వచ్చాడు. అతను రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. ఆ ఇంటికి రిసీవర్ అమర్చింది అతనే.

పనితీరు కొడుకు వివరించాడు. ఒక్క రిసీవర్ నుంచే హాలుకూ, వంటింటికీ, మేడగదికీ వేరువేరుగా పాటలు వెళ్తాయి. ఫోన్లోని ఆప్‌లో ఏ గదికి ఏ పాట కావాలో, ఎంత వాల్యూం కావాలో చెబితే, ఇంట్లోని పరికరాలను కలిపే స్మార్ట్ హబ్ అనే డబ్బా ఆ మాట రిసీవర్‌కు చేరవేస్తుంది. ఆప్ కొడుకు, కోడలు, అల్లుడు ముగ్గురి ఫోన్లలోనూ ఉంది. ఒకటే ఖాతా, అదీ కోడలి పేరున. నర్సుది బటన్ల ఫోను, అందులో ఆప్‌కు చోటే లేదు.

నిదానం గారు మేనకోడల్ని మేడ మీదికి పంపి రిమోట్ నొక్కారు. హాల్లో పాట మొదలైంది. ఇంకా నొక్కారు. హాలు దద్దరిల్లింది.

“పైన చడీచప్పుడూ లేదు మామయ్యా,” అని ఆమె మెట్ల మీంచి కేకేసింది. ఆ రిమోట్ హాలు స్పీకర్లకే పనిచేస్తుందన్న మాట.

రిసీవర్ అద్దం మీద మైనస్ ఇరవై అని వెలుగుతోంది. అల్లుడు చెవులు మూసుకుని, “ఇంకో ముప్ఫై పెంచండి, తగ్గుతుంది,” అన్నాడు. అందరూ నవ్వారు. మేనకోడలు సరదాకి ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

తర్వాత హబ్‌లో పాత నమోదులు తీయించారు. సోమవారం సరిగ్గా నాలుగు గంటలకు, ముందే టైము పెట్టి ఉంచిన పాట, మేడగది, వాల్యూం డెబ్భై. నాలుగూ యాభై రెండుకు ఆ ఏర్పాటు తొలగించబడింది. రెండింటి పక్కనా కోడలి పేరే ఉంది. అది తొలగించిన సమయంలో తాను ఆస్పత్రి కాగితాల మీద సంతకాలు పెడుతున్నానని ఆమె మెల్లగా చెప్పింది.

నిదానం గారు తాతగారి పక్కన కూర్చుని ఆ రోజు సంగతి అడిగారు.

“నా గడియారాలు నాలుగు కొడుతున్నాయి. మా ఆవిడ కేకేసింది. దిగ్గున లేచాను.”

భార్య పోయి ఆరేళ్లు. మందుల మత్తులో అలా అంటున్నారని కొడుకు గొంతు తగ్గించి చెప్పాడు. నిదానం గారు మాత్రం తలాడించలేదు.

గురువారం ఉదయం అందరినీ ఆ మంచం చుట్టూ చేర్చారు. నర్సు గుమ్మం దగ్గరే నిలబడింది.

“రిమోట్‌తో మేడగది స్పీకర్లు మోగవు. కాబట్టి ఈమె మోగించలేదు. ఏర్పాటు చెరిపినప్పుడు ఇంటికి తాళం, ఈమె ఆస్పత్రిలో తాతగారి పక్కన ఉంది. చెరిపింది ఫోన్ ఉన్నవాళ్లు. నిద్ర లేచే మనిషికి సన్నగా పాట వినిపించాలంటే ఆప్‌లో ఏ అంకె పెడతారు?”

కోడలు పది అంది. కొడుకు పదిహేనన్నాడు. నిదానం గారు అల్లుడి వైపు తిరిగారు.

“స్టూడియోలో సున్నా దగ్గర హోరు. మైనస్ డెబ్భై అంటే ఉందో లేదో తెలియనంత సన్నని చప్పుడు. రోజూ అదే లెక్క కాబట్టి మీరు మైనస్ అనడం కూడా మానేశారు. మొన్న పెంచితే తగ్గుతుందన్నారే, అదే అలవాటు. ఈ రిసీవర్ కూడా మీ లెక్కలోనే చూపిస్తుంది. హబ్ లెక్క మాత్రం సున్నా నుంచి పైకి, వంద దాకా. మీరు సన్నగా అనుకుని పెట్టిన డెబ్భై ఇక్కడ హోరైంది.”

అల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు పాడిన పాత టేపొకటి అటక మీద దొరికిందట. స్టూడియోలో బాగుచేసి, మామగారు లేచేసరికి వినబడాలని చెప్పకుండా పెట్టాడట. పడ్డారని ఫోన్ రాగానే భయమేసి చెరిపేశాడట.

“అంకె తప్పడం పొరపాటు,” అన్నారు నిదానం గారు. “ఈమె పది రోజులు నింద మోస్తుంటే నోరు మెదపకపోవడం పొరపాటు కాదు.”

అల్లుడు నర్సు వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆమె ఏడవలేదు.

“ఆ మాట ఏజెన్సీకి చెప్పండి. ఇప్పుడే. అందరూ వినేలా స్పీకర్ పెట్టి చెప్పండి,” అంది.

అతను చెప్పాడు. డెబ్భై పెట్టిన దగ్గర్నుంచి చెరిపేసిన దాకా మొత్తం చెప్పాడు. రేపటి నుంచి పనిలోకి రమ్మని అవతలి నుంచి వినబడ్డాక ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. కోడలు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అల్లుడూ,” అన్నారు తాతగారు. “ఆ పాట ఇంకా ఉందా?”

ఉందన్నాడు. పెట్టడానికి ధైర్యం చాలక ఫోన్ నర్సుకిచ్చాడు. ఆమె నిదానం గారిని అడిగి మరీ పది పెట్టింది. గరగర మధ్య సన్నగా గొంతు వినబడింది.

తాతగారు చెవి ఒగ్గి విన్నారు.

“పాడుతోందా! కోప్పడుతోందనుకున్నానమ్మా.”

నర్సు ఆయన తలకింద దిండు సరిచేసి, పాట అయ్యేదాకా పక్కనే కూర్చుంది.