నమ్యకిరీటం

చంద్రుడి మీద నవ్యపుర గుమ్మటంలో నీటిబొట్టు వృథా పోదు. నాలుగు వేల మంది విడిచిన మురుగంతా ఒక్క తొట్టిలో చేరి, శుద్ధయి, మళ్లీ వాళ్ల గ్లాసుల్లోకే వస్తుంది. తొట్టిలో తిరిగే రెక్కలకు వెంట్రుకలూ గుడ్డపీలికలూ చుట్టుకుంటే మాత్రం ఏ యంత్రమూ వాటిని విప్పలేకపోయింది. అందుకు పారిశుద్ధ్య కార్మికురాలు గురవమ్మ తొట్టిలోకి దిగాల్సిందే.

"మూడు నెలలయిందమ్మా ముద్ద దిగక. ఏది నోట్లో ఎట్టుకున్నా ఆ కంపే," అని ఆమె ఏడిస్తే చూడలేక, నాడీశాస్త్రవేత్త యశోవతి మెదడును వంచి ఆ రోత పోగొట్టే నమ్యకిరీటం తయారుచేసింది.

వయసు పెరిగేకొద్దీ మెదడు మారడానికి మొరాయిస్తుంది. ఈ కిరీటం న్యూరాన్ల ముడులను గంటసేపు వదులు చేస్తుంది. అయితే తలకు తగిలించుకుంటే చాలదు. ఆ గంటలో ముక్కు దేన్ని పీల్చిందో, చర్మం దేంట్లో తడిసిందో, దాన్నే మెదడు మామూలు సంగతిగా రాసుకుంటుంది. ఒళ్లు అనుభవించనిదే మెదడు మారదు. అందుకే గురవమ్మ కిరీటం పెట్టుకుని ఏడు రోజులు మురుగులోకి దిగింది.

ఎనిమిదో రోజు పైకొచ్చి, ఒళ్లు కడుక్కోకుండానే రొట్టె తుంచుకుని తినసాగింది. గోళ్ల సందుల్లోని నల్లటి జిగురు రొట్టెకు అంటుతోంది. యశోవతి మూలకు పరుగెత్తి వాంతి చేసుకుంది.

"ఏటయిందమ్మా? ఒంట్లో బాలేదా?" అంది గురవమ్మ, నములుతూనే.

గుమ్మటం డైరెక్టర్ నిరంజనరావు పొంగిపోయాడు. "అద్భుతం డాక్టర్! ఇక ఆవిడకు మాస్కెందుకు, రోజూ స్నానానికి అన్ని నీళ్లెందుకు? ఆవిడకే పట్టింపు లేనప్పుడు!"

"రోత మనిషికి కాపలా సార్. అది లేకపోతే ఆమె రోగమొచ్చి చచ్చిపోతుంది. ఆమెను మళ్లీ మామూలుగా చేస్తాను."

"కమిటీ ఒప్పుకోదు."

గురవమ్మ బతుకెంత రోతో కమిటీకి కళ్లకు కట్టినట్టు చూపిద్దామనుకుంది యశోవతి. ఆరుగురినీ స్కానర్ల కింద కూర్చోబెట్టి రెండు దృశ్యాలు వేసింది. గురవమ్మ రొట్టె తింటుంటే ఆరు మెదళ్లలోనూ రోత కేంద్రం ఎర్రగా మండింది. నడుముకు తాడు కట్టి ఆమెను మురుగులోకి దించుతుంటే తెర మీద ఒక్క గీతా కదల్లేదు. వాళ్లెవరూ ఎన్నడూ కిరీటం పెట్టుకున్నవాళ్లు కారు.

యశోవతికి వాళ్ల మొహాలు చూడబుద్ధి కాలేదు. స్కానర్ చెడిపోయిందేమోనన్న చివరి ఆశతో తనే వెళ్లి కూర్చుంది.

రొట్టె దగ్గర ఎరుపు. తాడు దగ్గర గీత బల్లపరుపుగా సాగిపోయింది.

ఏడాదిగా రోజూ ఆ తాడు కిందికి జారడం చూసిన కళ్లవి. వాటికి కిరీటం అవసరమే పడలేదు.

మర్నాడు యశోవతి కిరీటం, మాస్కు రెండూ లేకుండా తొట్టిలోకి నిచ్చెన దిగింది. నాలుగో మెట్టు దగ్గరే కంపు ముక్కును కొట్టింది. అయినా ఆగలేదు.

"మీరెందుకమ్మా దిగడం! జారిపోతారు, నా చెయ్యి పట్టుకోండి," అంటూ మోకాళ్ల లోతు మురుగులో నిలబడి గురవమ్మ నవ్వుతూ చెయ్యి చాచింది.

పట్టుకోవాలనే అనుకుంది యశోవతి. ఆమె వేళ్లు నిచ్చెనను వదల్లేదు.