నురగ రాని సీసా

పొద్దున్నే పాప మెడ మడతల్లో ఎర్రటి దద్దుర్లు చూసి కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలల పిల్ల. మోచేతుల మడతల్లోనూ అంతే, చర్మం పొట్టు లేస్తోంది.

"నిజం చెప్పండి అత్తయ్యా. బుజ్జికి మీ సబ్బు రుద్దుతున్నారు కదూ?"

"అయ్యయ్యో, నేనెందుకు రుద్దుతానమ్మా! నువ్విచ్చిన సీసాలోదే వాడుతున్నా."

"అదైతే ఇలా రాదు! ఆ బేబీ వాష్ తయారుచేసింది నేను. రెండేళ్ళు ల్యాబ్‌లో కూర్చుని, కళ్ళలో పడ్డా మండని సరుకు ఏరి ఏరి కలిపాను. నాకు తెలీదా?"

కొడుకు అద్దం ముందున్నాడు. తల్లి తనవైపు చూసేసరికి దువ్విన తలనే మళ్ళీ దువ్వుకున్నాడు, మహానుభావుడు!

"నేనటు ఆఫీసుకి వెళ్ళగానే ఇక్కడ మీ ఇష్టారాజ్యం. రేపట్నుంచి బుజ్జిని క్రెష్‌లో వేస్తాను. మీరిక దాని మీద చెయ్యి వెయ్యకండి."

పెద్దావిడ తన చేతులకేసి చూసుకుంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన చేతులవి. ఇప్పుడు ఆవిడకి రోజు గడిచేదే ఆ పాపతో.

"ఒక్కసారి నీ కళ్ళముందు స్నానం చేయిస్తాను, చూడు" అంది.

పాపను టబ్‌లో కూర్చోబెట్టి సీసాలోది ఒంటికి పట్టించింది. తడిగుడ్డతో పైపైన తుడిచి తువ్వాలు అందుకుంది.

"అదేంటి, నీళ్ళు పోసి కడగరా?"

"నురగే రాదుగా, కడగడానికేముంది? నీళ్ళు పోస్తే గుక్కపట్టి ఏడుస్తుంది కూడాను. ఒంటిమీద ఉండిపోయినా ఏం కాదని నువ్వే అన్నావుగా?"

కోడలు సీసా అందుకుని వెనక్కి తిప్పింది. నిజమే, తను అంది. మొదటి సీసా తెచ్చిన రోజు, చుట్టాలందరి ముందు, గొప్ప కోసం అంది. మురికిని లాగే సరుకు ఎంత మెత్తనిదైనా, కడగకుండా వదిలేస్తే చర్మంలోని నూనెనీ లాగేస్తుంది. బాగా కడగాలని సీసా మీద వేయించిందీ తనే, చీమ తలకాయంత అక్షరాల్లో.

"తప్పు నాదే అత్తయ్యా, క్షమించండి."

"పోనీలేమ్మా" అంది పెద్దావిడ, పాపనే చూస్తూ.

క్రెష్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దద్దుర్లు తగ్గాక ఒక ఆదివారం కోడలు కావాలనే పాపను అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ వాష్ పట్టించి, మగ్గు నీళ్ళలో ముంచి, ఆగిపోయింది.

"పొయ్యనా అమ్మా?"

"పొయ్యండి అత్తయ్యా."

పోసింది. మళ్ళీ ముంచి కోడలి మొహంలోకి చూసింది.

"ఇంకోటి పొయ్యనా?"

కోడలు తువ్వాల్లో మొహం దాచుకుని భోరుమంది. ఆవిడ మాత్రం మగ్గు పట్టుకుని, జవాబు కోసం అలాగే కూర్చుంది.