దేవుడు కాదు, కోటిలింగం

పొద్దున ఏడున్నరకి గోపికమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తుండగా దుర్గి నుంచి ఫోన్ వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆమెకి ఫోన్ చేసేది ఇద్దరే. ఒకరు విశాఖలో ఉన్న చెల్లెలు, ఇంకొకరు గ్యాస్ బండ తెచ్చే మనిషి. అందుకే కొత్త గొంతు వినగానే "సిలిండర్ ఉంది నాయనా" అని పెట్టెయ్యబోయింది.

"సిలిండర్ కాదు తల్లీ. నేను బ్రహ్మాజీని. దుర్గిలో విగ్రహాలు చెక్కుతా. కోటిలింగం గారి విగ్రహం నేనే చేస్తున్నా. ఆయన మొహం బాగా తెలిసినోళ్లు మీరొక్కరే ఉన్నారంట. రేపటితో మొహం పని అయిపోద్ది. ఒకసారి వచ్చి చూసి చెప్పండి."

తీస్తున్న మిరపకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. కోటిలింగం ఆమె మొదటి భర్త. వైమానిక దళంలో యుద్ధ విమానం నడిపేవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో, పెళ్లయిన ఎనిమిది నెలలకి, విమానంతో సహా సరిహద్దు అవతల కూలిపోయాడు. శవం కూడా దొరకలేదు. నాలుగేళ్ల తర్వాత గోపికమ్మ ఆర్టీసీ డ్రైవర్ వెంకటకృష్ణని పెళ్లి చేసుకుంది. ఆ రోజు నుంచి మొదటి అత్తింటివాళ్లు ఆమె మొహం చూడలేదు.

ఆమె లేచి చీర మార్చుకుని వచ్చేసరికి కొడుకు రవి టిఫిన్ తింటున్నాడు. నరసరావుపేటలో నాలుగు లారీలు తిప్పే మనిషి. ఊరంతా తనవైపే చూస్తోందని అతని నమ్మకం.

"ఎక్కడికమ్మా పొద్దున్నే?"

"దుర్గికి. కోటిలింగం గారి విగ్రహం చూడటానికి."

రవి ప్లేటు పక్కకి తోశాడు. "ఏందమ్మా నువ్వు మాట్లాడేది? నాన్న ఎదురుగా కూర్చుని ఉంటే ఇంకో మొగుడి విగ్రహం చూడటానికి పోతావా? రేపు బజార్లో ఎవడన్నా అడిగితే నేనేం చెప్పాలి?"

"ఉన్నది చెప్పు. మా అమ్మకి రెండు పెళ్లిళ్లయినయ్, మొదటాయన యుద్ధంలో పోయాడు, రెండో ఆయన మా నాన్న అని చెప్పు. ఇందులో నేను చేసిన దొంగతనం ఏముంది?"

వంటింట్లో కోడలు లక్ష్మీతిరుపతమ్మ గరిట ఆపేసి చెవి ఇటు వేసింది.

"ఇన్నేళ్లు నోరు మూసుకునే ఉన్నావుగా!"

"ఉన్నా. ఇంక ఉండను."

వెంకటకృష్ణ పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "దుర్గి ఆయనకి మీ అమ్మ నంబరు ఇచ్చింది నేనేరా. విగ్రహం పెడుతున్నారని పేపర్లో చూశా. మొహం తెలియకుండా ఎట్టా చెక్కుతారని కనుక్కుని మరీ ఫోన్ చేశా."

రవి తెల్లబోయాడు. "నీకు బాధగా లేదా నాన్నా?"

"మొదట్లో ఉండేది. నాకూ రోషం ఉంటదిగా. కానీ ఆయన బతికొచ్చుంటే నాకు ఈ ఇల్లూ లేదు, నువ్వూ లేవు. అట్టాంటి మనిషి మీద కోపం ఎందుకురా? కారు తియ్యి. నువ్వు తియ్యకపోతే నేను తీస్తా."

వెంకటకృష్ణకి కంటి ఆపరేషన్ జరిగి ఇంకా ఇరవై రోజులు కాలేదు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటాడనే భయంతోనే రవి తాళాలు తీసుకున్నాడు. ముగ్గురూ కారంపూడి మీదుగా దుర్గి చేరారు.

బ్రహ్మాజీ రేకుల షెడ్డు నిండా రాతిపొడి. మధ్యలో ఆరడుగుల విగ్రహం నిలబడి ఉంది. దాని పక్కన కుర్చీలో గోపాలకృష్ణయ్య కూర్చున్నాడు. కోటిలింగానికి కడగొట్టు తమ్ముడు, విగ్రహ కమిటీకి పెద్ద. అరవై ఏళ్లుంటాయి. గోపికమ్మని చూసి లేవలేదు.

ఆమె కింద నుంచి చూసుకుంటూ వచ్చింది. బూట్లు బాగున్నాయి. బెల్టు బాగుంది. చంకలో హెల్మెట్ కూడా సరిగ్గానే కుదిరింది. మొహం దగ్గరికి వచ్చేసరికి గుండ్రటి బుగ్గలు, అరమూసిన కళ్లు, కిందికి సాగిన చెవులు, పెదవుల మీద వరాలిచ్చే నవ్వు.

"ఎవరయ్యా ఈయన?"

"కోటిలింగం గారే తల్లీ."

"కాదు. ప్యాంటు తొడుక్కున్న వేణుగోపాలస్వామి."

బ్రహ్మాజీ తల గోక్కున్నాడు. "నిజమే తల్లీ. మా తాతల కాడ్నుంచీ దేవుళ్లనే చెక్కాం. నుదురు ఇంత, ముక్కు ఇంత అని ఆ కొలతలే చేతిలో ఉండిపోయినయ్. వీళ్లిచ్చిన ఫోటోలో మొహం చింతగింజంత కూడా లేదు. చెయ్యి దానంతటదే అటు పోయింది."

"బాగానే ఉందిగా," అన్నాడు గోపాలకృష్ణయ్య. "జనం చూసి దణ్ణం పెడతారు. ఇట్టాగే ఉండనీ. అయినా మీరెవరండీ చెప్పటానికి? మా అన్న పోయిన నాలుగేళ్లకే ఇంకో తాళి కట్టించుకున్నారు. మా అమ్మ చచ్చేదాకా ఏడ్చింది."

గోపికమ్మకి ఒళ్లు మండిపోయింది.

"మీ అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చా. ఆయన పోయేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు కూడా లేవు. ఏడుపు ఆపి బతికినందుకు నన్ను తప్పుదాన్ని చేశారు, చేసుకోండి. కాపురం ఎనిమిది నెలలే కావచ్చు, ఆయన పక్కన బతికింది నేను. దణ్ణాలు పెట్టించుకోవటానికి కాదు ఆయన విమానం ఎక్కింది. ఈ మొహమే నిలబెడితే, తెర తీసే రోజు జనం మధ్యలో నిలబడి ఇది మా ఆయన కాదని చెబుతా. ఆపగలిగితే ఆపు."

మా ఆయన అన్న మాటకి రవి తండ్రి వైపు చూశాడు. వెంకటకృష్ణ ఒక రాతి దిమ్మె మీద దుమ్ము దులుపుకుని తీరిగ్గా కూర్చుంటున్నాడు.

"ఆయన ముక్కు ఎటు వంకరో చెప్పు," అంది గోపికమ్మ. "సొంత తమ్ముడివేగా. చెప్పావంటే ఇప్పుడే వెళ్లిపోతా."

గోపాలకృష్ణయ్య కండువా సర్దుకుంటూ విగ్రహం ముక్కు వైపు చూశాడు. అన్న ముక్కు వంకరన్న సంగతే అతనికి తెలియదు.

"నాకప్పుడు ఆరేళ్లు వదినా," అన్నాడు. "అన్న బూట్ల చప్పుడు గుర్తుంది. నన్ను ఎత్తుకుని పైకెగరెయ్యటం గుర్తుంది. మొహం గుర్తు లేదు. చూసి తట్టుకోలేక అమ్మ ఇంట్లో ఫోటోలన్నీ పొయ్యిలో వేసింది, ఈయనకిచ్చింది ఊళ్లో ఎవరి దగ్గరో దొరికిన గుంపు ఫోటో. అన్న విగ్రహం అని ఊరూరా తిరిగా గానీ, ఎట్టా ఉండేవాడని ఎవరన్నా అడుగుతారేమోనని లోపల భయమే."

"అందుకనా దేవుడి మొహానికి ఒప్పుకున్నావ్?"

అతను తలూపి, కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమెకి కోపం తగ్గలేదు గానీ, కోపం కంటే జాలి ఎక్కువైంది. బ్రహ్మాజీ దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుంది.

"లే. ఇటొచ్చి చూడు, ఇప్పుడన్నా తెలుసుకో. ముక్కు ఎడమకి వంకర, చిన్నప్పుడు రాళ్ల మీద పడ్డాడు. బుగ్గల్లేవు, ఎముకలే. చెవులు ఇట్టా బయటికి పొడుచుకొచ్చేవి, టోపీ పెడితే నాకు నవ్వాగేది కాదు. కళ్లు ఎప్పుడూ చిట్లించేవాడు, మనం ఏదో అబద్ధం చెబుతున్నట్టు."

"చెవుల కాడ రాయి చానా వదిలా, వెనక తీస్తే బయటికొస్తయ్," అన్నాడు బ్రహ్మాజీ ఉలి అందుకుంటూ. "ముక్కు కుడి పక్క తీస్తే ఎడమకి తిరుగుద్ది."

మధ్యాహ్నం దాకా ఎవరూ భోజనం మాట ఎత్తలేదు. ఒక్కో పెచ్చు రాలేకొద్దీ దేవుడు పోతున్నాడు, మనిషి వస్తున్నాడు. ఎడమ చెవి తేలగానే గోపాలకృష్ణయ్య అప్రయత్నంగా తన చెవి తడుముకున్నాడు.

"ఆ రోజు తెర నువ్వే తియ్యి వదినా."

"తీస్తా. ఇట్టాగే వస్తా, ఈ బొట్టుతో, ఈ తాళితో, ఈయన్ని పక్కన పెట్టుకుని. గుసగుసలాడేవాళ్లని ముందే ఆడుకోమని చెప్పు."

వెంకటకృష్ణ నవ్వాడు. కుడి చెవి కోసం బ్రహ్మాజీ స్టూలు ఎక్కబోతూ, వచ్చినప్పట్నుంచీ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్న రవిని పిలిచాడు.

"సార్, కొంచెం ఈ స్టూలు పట్టుకోండి. ఇంతకీ తమరు కోటిలింగం గారికి ఏమవుతారు?"

రవి వచ్చి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు. తలెత్తి ఆ వంకర ముక్కునీ చిట్లించిన కళ్లనీ కాసేపు చూశాడు.

"మా పెదనాన్న," అన్నాడు, షెడ్డులో అందరికీ వినపడేట్టు.

పొద్దున్నుంచీ అందరితోనూ పోట్లాడుతూ వచ్చిన గోపికమ్మ అప్పుడు ఏడ్చింది.