కొత్త కోడలి గట్టు

మానస ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజే శ్యాంసుందర్‌తో తగాదా పెట్టుకుంది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. శ్యాంసుందర్ వాళ్లది గిర్మాజీపేటలో తాతల నాటి నుంచి స్టీలు సామాన్ల దుకాణం. దుకాణంలో పట్టనివన్నీ మెల్లగా ఇంట్లోకి వచ్చి స్థిరపడ్డాయి. సోఫా వెనక బిందెలు, మంచం కింద పళ్లాలు, బాత్‌రూంకి పోయే దారిలో ఇడ్లీ పాత్రలు. మానస కాలు తగిలి టిఫిన్ డబ్బాల దొంతర ఒకటి గలగలా కూలిపోయింది.

"ఇది ఇల్లా, గోదామా?" అంది చిరాగ్గా.

"ఇల్లే మేడం. మీరొచ్చేదాక నిలబడే ఉండె," అన్నాడు శ్యాంసుందర్, దొర్లిపోయిన మూత వెనక పరిగెడుతూ.

"ఇల్లు బాగుచెయ్యమనే కదా డిజైనర్ని పిలిచారు? ముందు ఈ సామానంతా బయటికి పోవాలి."

"ఇవి బయటికి పోతే వీటెంబడి మేము గూడ పోవాలె. ఇవి అమ్ముకునే తింటానం."

మానస వంటింట్లోకి నడిచింది. బొమ్మ గీసే ముందు ఆ ఇంట్లో ఎవరు ముందు లేస్తారో, ఎవరు ఎక్కడ చెప్పులు విడుస్తారో, ఎవరికి ఎక్కడ నొప్పో తెలుసుకోవడం ఆమె పద్ధతి. అక్కడ శ్యాంసుందర్ తల్లి శకుంతల సర్వపిండి ఒత్తుతోంది, పీట మీద నిలబడి. మనిషి పొట్టి. వంట గట్టు ఆమె ఛాతీ దాకా ఉంది.

"ఈ గట్టు మీకు బాగా ఎత్తు ఆంటీ. రోజూ ఇట్లనే పీటెక్కి వండుతున్నారా? తగ్గిద్దాం."

"నాదేమున్నది బిడ్డా, అలవాటైపోయింది. ఈ ఇల్లు కాంగనే పిలగాని లగ్గం చేద్దామని మా ఇంటాయన అంటాండు. వచ్చే కోడలి సౌలత్ చూడు నువ్వు, ఆమెకెంత ఎత్తు కావాల్నో అంతనే కట్టు."

వచ్చే కోడలు! ఆ మాట ఆ రోజు మానస చెవికి కూడా ఎక్కలేదు. కోడలైతే నాకేంటి, టైల్స్ ఏ రంగో చెబితే చాలనుకుంది.

నెల తిరిగేసరికి ఆ మాటే గొంతులో చేపముల్లులా గుచ్చుకోవడం మొదలైంది.

దానికి కారణం వాన. సాయంత్రం పూట ఒక్కసారిగా కుమ్మరించింది. కారు గల్లీ చివర ఉంది, గొడుగు కార్లోనే ఉంది. శ్యాంసుందర్ లోపలికి పోయి పెళ్లిళ్లలో అన్నం వార్చే పెద్ద బేసిన్ ఒకటి తెచ్చి ఇద్దరి నెత్తిన బోర్లించాడు. గల్లీ పొడుగునా వాన స్టీలు మీద టపటపా వాయిస్తుంటే, అరుగుల మీది ఆడవాళ్లంతా నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. మానస కూడా నవ్వింది. కారెక్కాక అద్దంలో చూసుకుంటే ఇంకా నవ్వుతూనే ఉంది. అయిపోయింది, నా పని అయిపోయింది అనుకుంది.

ఆ మరుసటి వారమే కొత్త గట్టు ఎత్తు తేల్చాల్సి వచ్చింది.

"వాడే మనిషి మోచేతికి కొంచెం కిందుగా గట్టు ఉంటే నడుం నొయ్యదు," అంది మానస, కాగితాల మీంచి తలెత్తకుండా. "మీ మనసులో ఎవరైనా ఉన్నారా, ఊరికే ఊహించి గీసెయ్యాలా?"

"ఉన్నది," అన్నాడు శ్యాంసుందర్.

పెన్సిల్ ఆగింది. "ఎంత పొడుగు?"

అతను ఆమెను నెత్తి నుంచి పాదాల దాకా చూశాడు. "మీ అంత ఉంటది."

పొడుగు కూడా నా అంతేనా, అని మానస పళ్లు కొరికింది. "అలవాట్లు?"

"చాయ్ పెట్టించుకుంటది, తాగుడు మర్చిపోతది. సల్లారినంక యాడ పెట్టిన్నా అని ఎతుకుతది."

"అట్లాంటి మనిషికి వంటిల్లు దేనికి?" అంది మానస. కిటికీ అంచు మీద ఆమె చాయ్ మీగడ కట్టి, ఎప్పటిలాగే చల్లారిపోతోంది.

"పని చేసేటప్పుడు తనల తానే మాట్లాడుకుంటది. కాగితాలన్నీ నేల మీదనే పరుస్తది."

"శుభ్రం లేదన్నమాట," అని మానస నేల మీద పరిచిన తన డ్రాయింగుల్లో ఒకదాన్ని మోకాలితో పక్కకు జరిపింది.

"కోపమొస్తే ముక్కు ఎర్రగైతది."

"ముక్కు కూడా చూశారా!"

"రోజూ చూస్తాన."

మానస ముక్కు మండిపోయింది. "చాలా ఇష్టంలాగుంది."

"మస్తు ఇష్టం. గని ఇంకా అడగలే. ఏమంటదో అని ఒకటే పరేషాన్."

అడగవయ్యా, అడిగి చావు, అనుకుంది మానస. పైకి మాత్రం "మా ఆఫీసు అన్ని అలవాట్లకూ డిజైన్ చేస్తుంది" అని డ్రాయింగులు చుట్టేసి లేచింది.

అడిగినట్టే ఉన్నాడు. ఆ ఆదివారమే ఆటోలోంచి ఒకమ్మాయి "బావా!" అంటూ దిగింది. పొడుగ్గా, చూడచక్కగా ఉంది. శకుంతల ఎదురెళ్లి కావలించుకుంది.

"మా అన్న బిడ్డ దీప. వర్ధన్నపేట. లగ్గం సామాను తీస్కపోనీకి వచ్చింది," అని మానసకు పరిచయం చేసింది.

మానస పెదవులు నవ్వాయి. మిగతా మనిషి నవ్వలేదు. దీప వంటిల్లంతా కలియతిరిగి, "అత్తా, మస్తుగైతాంది! నేనైతే ఈ కిటికీ కాడ్నే నిలబడత," అంది. శ్యాంసుందర్ ఆమెకు బిందెలు ఏరి ఇచ్చాడు. మంచివి, బరువైనవి, మెరిసేవి ఏరి ఇచ్చాడు. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని మానస వైపు చూసి నవ్వారు.

దీప చాయ్ చివరి చుక్క దాకా తాగేసింది. ఆ సంగతి మానస కంట్లో పడింది గానీ, అసూయ దాన్ని బుర్ర దాకా పోనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి మేస్త్రి కట్టయ్య దగ్గర నిలబడింది.

"గట్టు నాలుగించులు తగ్గించు."

"డ్రాయింగుల గట్ల లేదు గద మేడం? పొడుగు మనిషికి నడుం పోతది."

"నేను చెప్తాన గద. వాడే మనిషికి అదే సరి."

తలపాగా సర్దుకుని కట్టయ్య ఇటుకలు తీశాడు. మానస కళ్లు మూసుకుని ఊహించుకుంది. దీప వంగుతుంది. దీప లేస్తుంది. దీప నడుం మీద చెయ్యేసుకుని "అమ్మా" అంటుంది. సర్వపిండి ఒత్తినప్పుడల్లా, చపాతీ చేసినప్పుడల్లా, జీవితమంతా! ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం హన్మకొండలో తన ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. పనిలో ఒక్క అంగుళం తేడా రానివ్వని మనిషి, కావాలని ఒకరి నడుం విరిచింది. ఆ పిల్ల ఏం చేసింది? తను అడగలేని మనిషిని చేసుకుంటోంది, అంతే కదా. మానసకు తన మీద తనకే అసహ్యమేసింది. అయినా మొహం చెల్లక, వేరే సైటు ఉందని అబద్ధం చెప్పి, కొన్నాళ్లు అటువైపే పోలేదు.

చివరికి ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం బయల్దేరింది. ఉన్నదున్నట్టు చెప్పేసి, సొంత ఖర్చుతో గట్టు మళ్లీ కట్టించి, ఆ గడప మళ్లీ తొక్కకూడదని నిర్ణయించుకుంది. వాన పడుతోంది.

వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. నల్ల బండ పరిచిన కొత్త గట్టు ముందు శకుంతల సర్వపిండి ఒత్తుతోంది. కాళ్లు నేల మీదున్నాయి. పీట ఓ మూలన బోర్లా పడుంది, దాని మీద ఉల్లిగడ్డల బుట్ట. అవతలి గోడకు కట్టయ్య టైల్స్ అంటిస్తున్నాడు.

"రా బిడ్డా!" శకుంతల పిండి చేతుల్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు. "నేను వద్దన్న గని నువ్వు యాదికి పెట్టుకున్నవ్. లగ్గమై వచ్చిన కాన్నుంచి ఆ పీట మీదనే నిలబడ్డ. మా ఇంటాయనకు తట్టలే, కొడుక్కు తట్టలే. ఇయ్యాల నా ఇంట్ల నా కాళ్లు నేలకానినయ్."

తిడితే తట్టుకునేది. మానస బావురుమంది.

"మీకోసం కాదు ఆంటీ! మీరు నాకు యాదికే లేరు. దీపకు నడుం నొప్పి రావాలని చేసిన."

"దీపకెందుకొస్తది?" అని వెనక నుంచి గొంతు. శ్యాంసుందర్, నెత్తి మీద బేసిన్, నీళ్లు కారుతూ. "అది డోర్నకల్ పోతాంది. రైల్వే పిల్లగానితోని లగ్గం. ఆ సామానంతా అందుకే."

"మరి... నా అంత పొడుగు? చాయ్ మర్చిపోయేది?"

శ్యాంసుందర్ బేసిన్ దించి, కిటికీ దగ్గరికెళ్లి, అడుగున ఎండిపోయిన చాయ్‌తో ఉన్న కప్పు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీరు పోయిన్నాటిది. అమ్మ కడుగుతనంటే నేనే వద్దన్న," అన్నాడు. "ఎత్తు చెప్పిన. చాయ్ చెప్పిన. ముక్కు గూడ చెప్పిన. ఇంకెట్ల చెప్పాలె మానసా?"

మానస కప్పులోకి చూసింది. గట్టు వైపు చూసింది. మెల్లగా అన్నీ ఒకదాని తర్వాత ఒకటి బుర్రకెక్కాయి.

"అంటే... నా నడుం నేనే..."

"ఇప్పుడు గూడ ఎర్రగైంది," అన్నాడు శ్యాంసుందర్, ముక్కు చూపిస్తూ.

"కట్టన్నా!" మానస సిగ్గుతో, ఏడుపుతో, ఆపుకోలేని నవ్వుతో అరిచింది. "సుత్తె తీస్కరా! ఇది పగలగొట్టు!"

శకుంతల రెండు చేతులూ చాచి గట్టుకు అడ్డంగా నిలబడింది.

"ఎవలన్న చెయ్యి పెట్టుండ్రి, చెప్త! ఇది నాది." తర్వాత పిండి వేలితో కిటికీ పక్కన ఖాళీ చూపించింది. "గాడ జాగ ఉన్నది. నీది నీ ఎత్తుకు కట్టుకో. మీ నాయిన నంబర్ మా ఇంటాయనకియ్యి, మాట్లాడుతడు."

నీది. ఆ ఒక్క మాట మానస లోపల వెచ్చగా కూర్చుంది.

కిటికీ దగ్గర నిలబడి మోచెయ్యి మడిచింది. శ్యాంసుందర్ నేల మీద మోకాళ్లూని, టేపు ఒక కొస నొక్కిపట్టి, రెండో కొస పైకి లాగాడు. బయట వాన జోరందుకుంది. గోడకానుకుని కట్టయ్య చాలాసేపు చూశాడు.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు.

టేపు వైపు ఇద్దరిలో ఎవరూ చూడటం లేదు.

"మళ్లొక్కసారి కొలువు," అంది మానస.