గుండంలో నానిన ఆకు

తడి లేని ఆకుతో బీడీ చుట్టలేం. చుడితే పగిలిపోతుంది. ఆ వారం బాన్సువాడ దగ్గరి మా ఊళ్లో నల్లా విప్పితే బురదే. అందుకే తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని, తండా వెనక గుట్ట మీది చిన్న జలపాతానికి వెళ్లాను.

ఆదివారం షికారుకొచ్చినవాళ్లు కోడి పేగులు, ఈకలు, ఎంగిలి విస్తర్లు ధారలోనే పారేసి పోయారు. మనుషులా, పందులా! ముక్కు మూసుకుని పక్కకు నడిస్తే బండల సందున ఊరే గుండం ఒకటి కనిపించింది. నీళ్లు తేటగా ఉన్నాయి. కట్టలు ముంచాను.

తీస్తుంటే మేకలు కాసే పార్వతీబాయి పరుగున వచ్చింది.

"అక్కా, అండ్ల ముంచినవా? మా తండాల సచ్చిపోయిన ఆడోళ్ల దువ్వెనలు అండ్లనే ఇడుస్తం. గా ఆకు పారెయ్యి."

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని కసిరాను. పాత దువ్వెనలకు భయపడి పని మానుకుంటానా?

సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. కిటికీ దగ్గర ఆకు కత్తిరిస్తుంటే వేళ్లకు జిగట. ఆకులోంచి తెల్లవెంట్రుక ఒకటి వేలాడుతోంది. లాగాను. వస్తూనే ఉంది... మక్కిన కొబ్బరినూనె వాసన. ఛీ! ఆ ఆకును పొయ్యిలో పడేసి, చేతులు సబ్బుతో రుద్దుకుని మిగతావి చుట్టాను.

మా ఆయన భూమేశ్‌కు ఉబ్బసం. బీడీ మానేశాడు. కానీ కొత్త ఆకు వచ్చిందంటే మొదటిది తనే కాల్చి చూడాలి. వద్దంటే వినడు. ఒక్క దమ్ము లాగాడు.

ఇల్లంతా జుట్టు కాలిన కంపు. దగ్గు... ఆగని దగ్గు. నోట్లో వేలు పెట్టి వెంట్రుక కొస బయటికి లాగాడు. మూరెడు... బారెడు... నేను గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

"తెంపు," అన్నాను.

"తెగుతలేదే... లోపల ఎవరో పట్టుకున్నరు."

ఆకు కత్తెరతో నేనే కత్తిరించాను. మిగిలిన కొస చటుక్కున గొంతులోకి వెళ్లిపోయింది.

దవాఖానలో ఎక్స్‌రే తీసి, లోపల ఏమీ లేదన్నారు. ఈయనకేమో ఊపిరి రోజురోజుకీ తగ్గుతోంది.

నిన్న పొద్దున, "జర చెవి పెట్టి విను," అన్నాడు. కట్టుకున్న మొగుడి ఛాతీ మీద చెవి పెట్టడానికి నాకు రోత పుట్టింది. అయినా వంగాను.

లోపల ఎవరో తీరిగ్గా తల దువ్వుకుంటున్నారు. సర్... సర్...

చిక్కు పడినప్పుడల్లా భూమేశ్ ఊపిరి ఆగిపోతోంది.